చోటు తప్పిన చందువ

ఎల్లాజీ పంపిన కోడు మళ్ళీ వెనక్కొచ్చింది. ఈసారి కూడా కింద రెండే మాటలు: "చోటు తప్పింది."

ఏ చోటు? ఎందుకు తప్పింది? ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ ఉండాలి? అవేవీ లేవు. భ్రమరాంబ గారి పద్ధతే అంత. మా కెర్నల్ రాసిందీ, ఇన్నేళ్ళుగా కాపాడుకొస్తున్నదీ ఆవిడే. ఆవిడ సరే అననిదే అందులోకి కామా కూడా వెళ్ళదు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్ళూ ఆ రెండు మాటల దెబ్బ తిన్నవాళ్ళే, నాతో సహా. కానీ ఎల్లాజీ తిన్నట్టు ఎవరూ తినలేదు.

కాకినాడలో మాది చిన్న సంస్థ. చేపల పడవల్లో పెట్టే పెట్టెలు తయారు చేస్తాం. ఫోను సిగ్నలు అందనంత లోపలికి పోయాక కూడా తుపాను కబురు అందించి, పడవ ఎక్కడుందో ఒడ్డుకి చెప్పే పెట్టె. జాలర్లు దాన్ని తుపాను పెట్టె అంటారు. పెట్టెలో ప్రోగ్రాములు చాలా ఉంటాయి. వాటన్నిటికీ అడుగున ఉండి, ఎవరి పని ఎప్పుడో వంతులు వేసి నడిపించే ప్రోగ్రామే కెర్నల్. నా పని తయారైన పెట్టెల్ని పరీక్షించడం. కాబట్టి ఈ గొడవంతా నా బల్ల పక్కనే జరిగింది.

పెట్టెలో చిప్పు ఎప్పుడూ ఒకటే ఉండదు. ఒక కంపెనీ ఆపేస్తే ఇంకో కంపెనీది వెతుక్కోవాలి. వాటి అసలు పేర్లు అంకెలూ అక్షరాలూ కలిపిన నోరు తిరగని పేర్లు. అందుకని మా దగ్గర ఒక అలవాటు ఉంది. కొత్త చిప్పు రాగానే దానికో చేప పేరు పెట్టేస్తాం. మొదటిది వంజరం, తర్వాతది పండుగప్ప. ఒక్కోదానికి ఒక్కో గుణం. ఒకటి నిద్ర లేవడానికి బద్ధకిస్తుంది, ఇంకొకటి చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకోదు. ఆ చిప్పు గుణాలకి సంబంధించిన కోడంతా ఆర్చ్ అనే పెద్ద ఫోల్డర్లో, దాని పేరుతో ఉన్న చిన్న ఫోల్డర్లో ఉండాలి. మిగతా కెర్నల్ అందరికీ ఉమ్మడి.

చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే తెలుస్తుంది.

వంజరం, పండుగప్ప రెండూ రావడం ఆగిపోయింది. కొత్త చిప్పు తెచ్చారు, చందువ అని పేరు పెట్టారు. దాన్ని కెర్నల్లోకి తెచ్చే పని ఎల్లాజీకి ఇచ్చారు. ఎల్లాజీది ఉప్పాడ. వాళ్ళ అన్న నూకరాజుకి పడవ ఉంది. ఆ పడవలో పాత పెట్టె చెడిపోయింది. బాగుచెయ్యడానికి చిప్పు లేదు. కిందటి కార్తీకంలో వాయుగుండం పడితే కబురు అందక నూకరాజు లోపలే చిక్కుకున్నాడు. ఎవరో పెద్ద బోటువాళ్ళు తాడేసి లాక్కొస్తే ఒడ్డుకి చేరాడు. ఆ రాత్రంతా వాళ్ళ వదిన ఇసకలో ఎలా కూర్చుందో ఎల్లాజీ మాకు ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలానికి వేట నిషేధం ఉంటుంది. అది ఎత్తేసిన రోజున పడవలన్నీ ఒక్కసారే బయల్దేరతాయి. ఆలోపు చందువ పెట్టె అన్న పడవలో ఉండాలి. ఎల్లాజీ పట్టుదలంతా అదే.

మొదట్లో అంతా బాగానే నడిచింది. ఎవరూ అనుకోనంత తొందరగా చందువని లేపాడు. తెర మీద కెర్నల్ మొదటి అక్షరాలు పడగానే వాడు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. కాజాలు తెప్పించి అందరికీ పంచాడు. భ్రమరాంబ గారు కూడా కాజా తీసుకున్నారు, నిదానంగా తిన్నారు, వేళ్ళు తుడుచుకున్నారు. తర్వాత కోడు తెరిచి చూశారు.

"చోటు తప్పింది."

"పని చేస్తోంది కదండీ?"

"చేస్తోంది."

"మరి?"

ఆవిడ అప్పటికే ఇంకెవరిదో కోడు చూస్తున్నారు.

కాజా తిని మరీ అలా అనడానికి మనసెలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. కానీ కోడు నేనూ చూశాను. వాడు ఏం చేశాడంటే, ఉమ్మడి కోడులో ఎక్కడ ఇబ్బంది వస్తే అక్కడ "చందువ అయితే ఇలా చెయ్యి" అని ఒక ముక్క అతికించుకుంటూ పోయాడు. వంతులు వేసే చోట ఒకటి, జ్ఞాపకంలో రాసే చోట ఒకటి, రేడియో వినే చోట ఇంకొకటి. ఏ ఎండకా గొడుగు.

సరే, ఉమ్మడి కోడులో నా పేరు ఉండకూడదన్నమాట అనుకున్నాడు ఎల్లాజీ. అన్నీ పీకేశాడు. పీకేసి, తనకి కావాల్సిన ఉమ్మడి భాగాలన్నీ కాపీ తీసుకుని చందువ ఫోల్డర్లో పెట్టుకుని, వాటిని తనకి నచ్చినట్టు మార్చుకున్నాడు. ఉమ్మడి కుటుంబంలో వేరు పొయ్యి పెట్టుకున్నట్టు. చందువ ఫోల్డరు చూస్తూ చూస్తూ ఉండగానే కెర్నల్లో సగం అంత అయింది.

అదే వారం పండుగప్ప పెట్టె ఒకటి, పడవ ఉన్న చోటుని తప్పుగా రాసుకుంటోందని తేలింది. లోపం ఉమ్మడి కోడులో ఉంది. భ్రమరాంబ గారు అక్కడ ఒక వరస సరిచేశారు. వంజరం, పండుగప్ప రెండూ బాగుపడ్డాయి. చందువ మాత్రం పరీక్షలో పడవని ఉప్పాడ బదులు యానాం దగ్గర చూపిస్తూనే ఉంది. వాడు కాపీ చేసుకున్న దాంట్లో పాత తప్పు అలాగే ఉండిపోయింది మరి.

"చోటు తప్పింది."

"పడవ చోటా అండీ, కోడు చోటా?"

ఎల్లాజీ వెటకారంగానే అడిగాడు. ఆవిడ తలెత్తి వాడి వంక చూశారు. ఆ చూపుకి నేనే నా తెర వైపు తిరిగిపోయాను.

ఈలోగా ఇంటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నూకరాజు గొంతు పక్క బల్ల దాకా వినిపిస్తుంది.

"ఒరే తమ్మడా, వలలు కుట్టేసుకున్నాం. ఇంజను బాగుచేయించాం. పెట్టె ఎప్పుడిత్తావు?"

"అయిపోయింది అన్నియ్యా. ఇత్తాను."

"అయిపోయిందని కిందటిసారీ అన్నావు కదరా."

పెట్టెలు నిజంగానే అయిపోయాయి. చందువ చిప్పులు బిగించి, మూతలు వేసి, గోడ పక్కన పేర్చి ఉన్నాయి. వాటిలో కెర్నల్ ఎక్కించడమే తరువాయి. ఆవిడ ఒప్పుకోని కెర్నల్ పెట్టెలోకి వెళ్ళదు. ఆ విషయంలో సంస్థ యజమాని మాట కూడా చెల్లదు. సముద్రంలో ఉన్న పెట్టెని వెనక్కి పిలిచి మార్చలేం కాబట్టి ఆ నియమం పెట్టుకున్నారు. నియమం మంచిదే. మంచిదైనా ఒళ్ళు మండేది మండుతూనే ఉంటుంది.

మూడోసారి ఎల్లాజీ తిండి మానేసి కూర్చున్నాడు. ఉమ్మడిలో అతుకులు పనికిరావన్నారు, సరే. వేరు పొయ్యి పనికిరాదన్నారు, సరే. అయితే ఉమ్మడి కోడుకీ చిప్పుకీ మధ్య ఒక పెద్ద పట్టిక పెడతానన్నాడు. కెర్నల్ ఏ పని చెయ్యాలన్నా ముందు ఆ పట్టికలో చూసి చిప్పుని అడగాలి. లేవనా అని అడగాలి, రాయనా అని అడగాలి, రాసింది చదవనా అని కూడా అడగాలి. తుమ్మడానికి కూడా చిప్పు అనుమతి కావాలి. వంజరం, పండుగప్పలకి ఇన్ని ప్రశ్నలకి జవాబులు ఎవరు రాస్తారు? వాడికి తీరిక లేదు. అందుకని జవాబు లేని చోటల్లా చందువ జవాబే వాడుకోమని రాసేశాడు. నడిచింది. మూడు చిప్పుల మీదా నడిచింది. నేనే పరీక్షించాను.

వాడు గర్వంగానే పంపాడు. గర్వపడే పనే అది, కాదనను. మా జట్టులో ఇంకెవరూ అంత కష్టమైంది కట్టలేరు.

"చోటు తప్పింది."

ఎల్లాజీ లేచి నేరుగా ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాడు. వెళ్తూ కుర్చీని తన్నాడు.

"మేడం, ఒక్కటి అడుగుతానండి. పని చేస్తోందా లేదా?"

"చేస్తోంది."

"ఎక్కడైనా ఆగిందా?"

"లేదు."

"మరి చోటు ఏదైతే ఏంటండీ? నీళ్ళ మీద ఉన్నవాడికి పెట్టె మోగాలి గానీ కోడు ఏ ఫోల్డర్లో ఉందో కావాలా? నాలుగు రోజులు పోతే పడవలు వెళ్ళిపోతాయి. మీకేంటి, ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని రెండు మాటలు రాసేస్తారు. మీకు మనుషుల కంటే ఫోల్డర్లు ఎక్కువైపోయాయి!"

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. వాడన్నది తప్పని నాకు అనిపించలేదు. అలా అనకుండా ఉండాల్సిందని మాత్రం అనిపించింది.

భ్రమరాంబ గారు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచారు. ఆవిడ మొహంలో కోపం కంటే విసుగే ఎక్కువ ఉంది. అదీ వాడి మీదో, ఇంకెవరి మీదో తెలియలేదు.

"పద," అన్నారు.

తనే నడిచి వాడి బల్ల దగ్గరికి వచ్చారు. వాడి కుర్చీని సరిగ్గా నిలబెట్టి అందులో కూర్చున్నారు. వాడి ల్యాప్‌టాపులో ఆర్చ్ ఫోల్డరు తెరిచారు. వంజరం, పండుగప్ప, చందువ. చందువ ఫోల్డరుని పట్టుకుని తీసేశారు.

"అయ్యో, మేడం!"

కాపీలు ఉన్నాయని వాడికీ తెలుసు. అయినా ఒళ్ళో బిడ్డని లాక్కున్నట్టు అరిచాడు.

"వంజరానికి బిల్డ్ చెయ్యి," అన్నారు ఆవిడ లేచి కుర్చీ ఇస్తూ.

బిల్డ్ అంటే ఆ చిప్పుకి కావాల్సిన కోడంతా పోగుచేసి, చిప్పు నడపగలిగే రూపంలోకి మార్చడం.

"వంజరానికా? దాని ఫోల్డరు నేను ముట్టుకోలేదండీ."

"చెయ్యి."

చేశాడు. తెర ఎర్రబడింది. అది లేదు, ఇది దొరకలేదు, ఫలానాది ఎక్కడుందో తెలియదు అని వరసలు వరసలుగా పడ్డాయి. ఏళ్ళ తరబడి సముద్రం మీద తిరిగిన వంజరం, తనకి బొత్తిగా సంబంధం లేని చందువ కనబడక చచ్చిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"ఇప్పుడు నీ చందువ పేరు వెతుకు. కెర్నలంతా."

వెతికాడు. ఫోల్డరే లేదు కదా, పేరు మాత్రం తెర నిండిపోయి కిందికి జారుతూనే ఉంది. పట్టికలో ఉంది, రేడియోలో ఉంది, మొదటిసారి పీకేశాననుకున్న అతుకుల్లో కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి.

"నిన్ను తీసేశాను," అన్నారు భ్రమరాంబ గారు. "అయినా ఎక్కడెక్కడ ఉన్నావో చూసుకో."

వీధిలోంచి తాటిముంజలవాడి కేక వినిపించింది. ఆవిడ పర్సు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

"ఇదేం నేర్పడమండీ?" అన్నాడు ఎల్లాజీ నాతో. కళ్ళు తుడుచుకున్నాడు. "కంట్లో వేలెట్టి వెళ్ళిపోయారు."

 నా కంట్లోనూ ఒకప్పుడు పెట్టినావిడే.

మర్నాడు పొద్దున్నే వాడు వచ్చేసరికి మొహం మారిపోయి ఉంది. ఏడుపు లేదు. కళ్ళలో ఏదో తుంటరితనం ఉంది.

"ఆవిడ నా ఫోల్డరు తీసేశారు కదండీ. ఆవిడది నేను తీసేస్తాను."

వంజరం ఫోల్డరు మొదటి వరస నుంచి చివరి వరస దాకా భ్రమరాంబ గారి చేతి రాత. వాడు చందువ కలవని పాత కెర్నల్ ఒకటి తెచ్చుకుని, అందులోంచి వంజరాన్ని తీసి పారేశాడు. పండుగప్పకి బిల్డ్ చేశాడు. నేనూ పని ఆపి చూస్తున్నాను. ఆవిడ ఒక్కసారి పడితే బాగుండునని నా మనసులో ఉంది. ఎందుకు దాచాలి?

పడలేదు. బిల్డ్ మంచినీళ్ళు తాగినంత సులువుగా అయిపోయింది. ఒక్క ఎర్ర అక్షరం లేదు.

ఎల్లాజీ పళ్ళు కొరుక్కుంటూ వంజరం పేరు కొట్టి వెతికాడు.

ఒక చోట దొరికింది. ఒకే ఒక్క చోట. ఉమ్మడి కోడులో, చిప్పులు నిద్రపోయే ముందు కెర్నల్ చూసుకునే చోట. పని లేనప్పుడు చిప్పు నిద్రపోతే బ్యాటరీ మిగులుతుంది. గడియారం దాన్ని లేపాలి. అక్కడ రాసి ఉంది: వంజరం అయితే కొంచెం ముందుగా లేపు.

వాడు ఆ వరసని చాలాసేపు చూశాడు. తర్వాత యంత్రాన్ని చేతుల్లో ఎత్తుకుని ఆవిడ బల్ల దగ్గరికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. ఇంత వినోదం వదులుకుంటానా?

"మేడం, ఇదెవరు రాశారండీ?"

భ్రమరాంబ గారు వంగి చూశారు.

"నేనే."

"దీని చోటు సరైందేనా అండీ?"

ఆవిడ ఆ వరసని మళ్ళీ చదివారు. వాడు గెలిచాడు. గెలిచినవాడు అక్కడితో ఆగొచ్చు. కానీ వాడి గొంతులో గెలిచిన సంతోషం వినబడలేదు.

"చందువ పని మొదలుపెట్టినప్పుడు నేను మొదట చదివింది ఈ ఫైలేనండీ. చందువ గాఢంగా నిద్రపోతే దాని గడియారం కూడా ఆగిపోతుంది, ఇంక లేవదు. ఏం చెయ్యాలో తెలియక చూస్తే ఇది కనిపించింది. మేడం ఇలా రాశారు కాబట్టి ఇలాగే రాయాలి కాబోలనుకున్నాను. దీని కిందే నా మొదటి అతుకు వేశాను. మిగతావన్నీ దీన్ని చూసి నేర్చుకున్నవేనండీ."

నేను అప్పటిదాకా ఆవిడ మొహం ఎర్రబడడం చూడలేదు.

"ఆ రోజు తుపాను," అన్నారు. మాకు కాదు, తెరకే చెబుతున్నట్టు. "పడవలు లోపలున్నాయి. వంజరం సమయానికి లేవట్లేదు. ఒడ్డున పెట్టెలైనా బాగుచేసి తర్వాతి పడవల్లో పంపాలని తొందరలో రాశాను. రేపు తీసేద్దామనుకున్నాను."

"తీయలేదండీ."

"లేదు. అది నీ దాకా వచ్చింది."

 ఆవిడ వాడి చేతిలో యంత్రాన్ని తన బల్ల మీద పెట్టించారు. ఎల్లాజీ కొత్త కోడు తెరిచి, అదే ఫైల్లో తను రాసిన వరసని చెరిపేశారు. దాని కింద ఇంకా మిగిలి ఉన్న చందువ వరసని కూడా చెరిపేశారు. రెండూ పోయిన చోట ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో కర్సరు వెలిగి ఆరుతోంది. యంత్రాన్ని వాడి వైపు తిప్పారు.

"ఇక్కడ ఒక వరస రాయి. రెండిటికీ అదే సరిపోవాలి. ఎవరి పేరూ ఉండకూడదు."

వాడు అక్కడే నిలబడి ఆలోచించాడు. కూర్చోమని ఆవిడ అనలేదు. అటు వంజరం ఆలస్యంగా లేస్తుంది. ఇటు చందువ లేవనే లేవదు. రెండిటి రోగం వేరు. ఒకటి రాస్తే రెండోది చస్తుంది. వాడు రెండుసార్లు కీబోర్డు మీద చెయ్యి పెట్టి తీసేశాడు. ఒకసారి "వం" దాకా కొట్టి నాలుక కరుచుకుని చెరిపేశాడు.

నాకు కాళ్ళు నొప్పి పుట్టి వెళ్ళి కూర్చున్నాను. టీ వచ్చింది, ఆవిడ తాగారు. వాడి టీ మీద మీగడ కట్టింది.

చివరికి వాడు ఒక వరస రాశాడు. తెలుగులో చెప్పాలంటే అది ఒక ప్రశ్న: పడుకుంటే ఎంతసేపటికి లేస్తావు?

అంతే. ఎవరు నువ్వు అని అడగలేదు. ఏ చిప్పుకి ఆ చిప్పు తన ఫోల్డర్లోంచి జవాబు చెప్పుకుంటుంది. వంజరం కాస్త ఆలస్యమవుతుంది అంటుంది. కెర్నల్ ముందుగా లేపుతుంది. చందువ, గాఢంగా పడుకుంటే లేవను, పైపైన కునుకు తీస్తే వెంటనే లేస్తాను అంటుంది. కెర్నల్ దాన్ని కునుకే తియ్యమంటుంది. ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగరు.

ఎల్లాజీ ఆ వరసని చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. చల్లారిపోయిన టీని ఒక్క గుక్కలో తాగేసి, యంత్రం ఎత్తుకుని తన బల్లకి వెళ్ళిపోయాడు. 

ఆ తర్వాత వాడిని పలకరించడానికి నాకు ధైర్యం చాలలేదు. అంత కష్టపడి కట్టిన పట్టికని తన చేత్తోనే కూలగొట్టుకుంటూ పోయాడు. ప్రతి అతుకు దగ్గరా ఆగి, ఇది చందువ సంగతా, అందరి సంగతా అని తనలో తను గొణుక్కునేవాడు. చందువ సంగతి అయితే చందువ ఫోల్డర్లోకి. అందరిదీ అయితే ఉమ్మడిలోకి, పేరు లేకుండా. ఎటూ కానివి కొన్ని ఉండేవి. వాటి దగ్గర జుట్టు పీక్కునేవాడు. పెద్ద పట్టికలో చివరికి గుప్పెడు ప్రశ్నలు మిగిలాయి. నూకరాజు ఫోను చేస్తే "అయిపోయింది" అనడం మానేసి, "అవుతోంది అన్నియ్యా" అనేవాడు. అవతల నూకరాజు తిట్లు మాకు వినిపించేవి. ఇవతల వీడు చిరాగ్గా "ఊఁ, ఊఁ" అంటూనే చెరుపుతూ ఉండేవాడు.

నిషేధం ఎత్తేసే ముందు రోజు పొద్దున వాడు కోడు పంపలేదు. యంత్రం పట్టుకుని తనే ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాడు. గోడ పక్కన పెట్టెలు అలాగే ఉన్నాయి. అందరం వాడి వెనకే చేరాం. ఆవిడ ఈసారి కూడా ఆ రెండు మాటలే అంటే నేను ఉద్యోగం మానేసి వెళ్ళిపోదామని నిజంగానే అనుకున్నాను. వాడి కోసం కాదు, నా నరాలు ఆగేట్టు లేవు.

భ్రమరాంబ గారు కోడు తెరవలేదు. వాడి వంక చూశారు.

"తీసెయ్," అన్నారు.

వాడు ఆర్చ్ ఫోల్డరు తెరిచాడు. వారాల తరబడి కూర్చుని రాసిన చందువ ఫోల్డరుని పట్టుకున్నాడు. వాడి వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత తీసేశాడు.

వంజరానికి బిల్డ్ చేశాడు. అయింది. పండుగప్పకి చేశాడు. అయింది. చందువ పేరు కొట్టి కెర్నలంతా వెతికించాడు. యంత్రం కాసేపు గిరగిర తిరిగి, ఎక్కడా లేదంది.

వంజరం పేరు కూడా వెతికాడు. దాని ఫోల్డర్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఎల్లాజీ తెర వంక చూస్తూ ఉండిపోయాడు. అంత పనీ చేశాక, తీసేస్తే గుచ్చుకున్న గుర్తు కూడా మిగల్లేదు. వాడి మొహం చిన్నబోయింది. 

"నేను లేనట్టే ఉందండీ," అన్నాడు.

భ్రమరాంబ గారు చెయ్యి చాచి, తీసేసిన ఫోల్డరుని తిరిగి తెప్పించారు. ఒప్పుకున్నట్టు కింద తన పేరు వేసి కోడుని కెర్నల్లో కలిపేశారు.

"అయితే ఇక ఉండు," అన్నారు.